బొగ్గు దిగిన ముఖం

నాతోపాటు ఒకే కళాశాలలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరైన మిత్రుడొకాయన పోయిన వారం నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. కింద ఒకే వాక్యం: "హేతువాదులు దీన్ని ఏమంటారు?"

వీడియో అర నిమిషం కూడా లేదు. తిరుపతి పాతవూళ్ళో ఒక సందు, మిట్టమధ్యాహ్నం. అరుగు మీద ఒక మనిషి కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. మెడలో దండ లేదు, నుదుట బొట్టు లేదు. ముఖం మాత్రం చెవి నుంచి చెవి దాకా బొగ్గురంగు. ఒకావిడ చంటిబిడ్డను ఎత్తి ఆ ముఖం ముందు పట్టుకుంది. బిడ్డ ఏడవడం మానేసి చూస్తోంది. వెనక నుంచి ఎవరిదో గొంతు: "జాతరై ఆర్నెల్లాయ. ఏసం దిగలా. అమ్మ ఏసిన ఏసమప్పా ఇది!" ఆ మనిషి కళ్ళు మూసుకునే ఉన్నాడు. చివరి క్షణంలో తెరిచాడు. వీడియో అక్కడ ఆగిపోయింది.

ఆ కళ్ళు నాకు తెలుసు. ఆ మనిషి చనిపోయి రెండేళ్ళయింది. పేరు రాయను. బతికున్నప్పుడు ఊరు అతని పేరు వాడటం మానేసింది. చచ్చిపోయాక నేను దాన్ని బజార్లో పెట్టడం న్యాయం కాదు.

నేను మొదట అతన్ని వినడమే, చూడలేదు. ఒక బడి హాల్లో మాట్లాడుతున్నాను. ఒంటి మీద పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అని వైద్యం మానేసే అలవాటు మీద నా ప్రసంగం. నా గొంతు తారస్థాయిలో ఉంది. వెనక స్తంభం చాటునుంచి ఒక ప్రశ్న వచ్చింది.

"సార్, మొటిమలు గూడా అమ్మవారేనా?"

జనం గొల్లున నవ్వారు. నాకు కోపం వచ్చింది, అడిగినవాడి మీద కాదు, నవ్వినవాళ్ళ మీద. "ఎవరో ఒకరి ఇంట్లో అలా అనుకోబట్టే కదా ఆయన అడిగింది! నవ్వడానికి సిగ్గు లేదా?" అన్నాను. నవ్వు ఆగింది. స్తంభం వెనక మనిషి మాత్రం బయటికి రాలేదు.

సభ అయ్యాక గేటు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. నమస్కారం పెట్టి, నన్ను రెండడుగులు పక్కకు జరగమన్నట్టు చేయి చూపి, తాను దీపపు స్తంభానికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. వెలుతురు మొత్తం ముఖం మీద పడేలా. బుగ్గల నిండా గుంటలు. కొన్ని లోతైనవి, కొన్ని అంచులు చెదిరినవి. వెలుతురు నేరుగా పడటంతో సగం మాయమై, సగం ఉన్నట్టు కనిపించాయి.

పదో తరగతిలో అతనికి మొటిమలు విపరీతంగా లేచాయి. వాళ్ళమ్మ అమ్మవారే వచ్చిందనుకుంది. సబ్బు మాన్పించింది, తలుపుకు వేపమండలు కట్టింది, డాక్టరు గడప తొక్కనివ్వలేదు. చల్లబడితే కొడుకు చేత ప్రతి ఏడూ గంగ జాతరలో తోటి వేషం కట్టిస్తానని మొక్కుకుంది. తోటి వేషం అంటే ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపాకు చుట్టుకుని, అమ్మవారి గుడిదాకా పోవడం. మొటిమలు వయసుతోపాటు అవే తగ్గాయి. గుంటలు మిగిలాయి, మొక్కు మిగిలింది.

"గుంట సెడ్డది కాద్సార్," అన్నాడు ఆ రోజే. "దాంట్లో పడే నీడ సెడ్డది."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. మా ఇంటికి వస్తే కుర్చీ కిటికీకి ఎదురుగా తిప్పుకునేవాడు. హోటల్లో నెత్తిమీద ట్యూబులైటు ఉన్న బల్ల దగ్గర కూర్చునేవాడు కాదు. పాకాల నుంచి వచ్చే పాసింజరులో ఒకసారి కలిసి ప్రయాణం చేశాం. రైలు మలుపు తిరిగి ఎండ పక్కనుంచి పడగానే మాట మధ్యలో లేచి నా ఇవతలి వైపుకు వచ్చి కూర్చున్నాడు. ఇంకో మలుపు. మళ్ళీ లేచాడు.

"ఏమప్పా, బొంగరం మింగినావా?" అన్నాడు ఎదుటి సీటు పెద్దమనిషి.

"ఎండ నాకు పడదన్నా," అన్నాడు ఇతను. ఎండంటే అతనికి వేడి కాదు, దిక్కు.

బట్టల అంగట్లో పని. పై అంతస్తు గోడౌనులో తానులు విప్పడం, మడవడం. కళ్ళు మూసుకుని చీర అంచు వేళ్ళ మధ్య జార్చి పట్టు ఏ రకమో చెప్పేవాడు. అతనికి ఉన్న ఒకే ఒక్క ఆశ, కింద కౌంటర్లో పెళ్ళిచీరలు విప్పి చూపించడం. యజమాని చెడ్డవాడు కాదు, వ్యాపారి. "నీ పనితనం నాకు దెలీదా అబ్బా? పెండ్లి గుడ్డలు గొనేటోళ్ళు ముందర మొగం జూస్తారు," అన్నాడట. దానికి ఇతను తల ఊపి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడట. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు బొటనవేలితో ఎడమ బుగ్గ మీద గుంట తర్వాత గుంట తడుముతూ ఉన్నాడు. ఎక్కడా ఒకటి వదలకుండా, జపమాల తిప్పినట్టు.

అతన్ని చర్మవైద్యుడి దగ్గరకు తీసుకుపోయింది నేనే. నెలకొకసారి బయటి ఊరి నుంచి వచ్చే డాక్టరు. మైక్రోనీడ్లింగ్ అన్నాడు. ముఖానికి మొద్దుబార్చే క్రీము రాసి, పెన్నులాంటి పరికరంతో సన్నని సూదులు చర్మంలోకి గబగబా దించి తీస్తారు. చుక్క చుక్కగా నెత్తురు కనబడుతుంది. ఆ చిన్న గాయాలు మాన్పుకునే పనిలో శరీరం కొత్త కండ తయారు చేసి, పాత గుంటల్ని కొంచెం కొంచెం పైకి లేపుతుంది. నేను పొంగిపోయాను. ఒంట్లోనే ఇంత మరమ్మతు శక్తి ఉండగా దేవతలతో మనకేం పని అని, ఆ గదిలోనే చిన్న ఉపన్యాసం ఇచ్చాను. డాక్టరు ఓపికగా విన్నాడు. బల్ల మీద పడుకున్న మనిషి నోరు కదపకుండా అన్నాడు:

"కుట్టుమిషన్ సప్పుడే సార్ ఇది. దారం లేని కుట్టు."

రెండు విడతలు అయ్యాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. నా చూపుడువేలు పట్టుకుని తన బుగ్గ మీద పెట్టుకున్నాడు. గుంటలు పోలేదు. అంచులు మెత్తబడ్డాయి. "తెలస్తా ఉండాదా?" అన్నాడు. "తెలుస్తోంది," అన్నాను. నిజంగానే తెలిసింది. యజమాని కూడా గమనించి, శ్రావణమాసం పెళ్ళిళ్ళకు కింద కూర్చోబెడతానన్నాడట. ఆ రోజు అతను మొదటిసారి కిటికీకి పక్కగా కూర్చుని కాఫీ తాగాడు.

మూడో విడత జాతర ముందురోజు సాయంత్రం పడింది. మరునాడు అంగడికి సెలవు. ఎర్రబడిన ముఖం ఎవరికీ కనబడదని అతనే ఆ రోజు అడిగి పెట్టుకున్నాడు. "రేపు ఏసం కూడా ఉండాది సార్. ఈ యేటితో ఆఖరు. మాయమ్మకు మాట ఇచ్చినా," అన్నాడు.

నేను గయ్యిమన్నాను. నీ ముఖాన్ని ఈ గతికి తెచ్చిన మూఢత్వానికే మళ్ళీ మొక్కుతావా అన్నాను. అమ్మవారు లేదన్నాను, మొక్కు లేదన్నాను, భయమే దేవతల తల్లి అన్నాను. తల వంచుకుని విన్నాడు. గంటసేపు దేవత లేదని వాదించాను. చర్మంలో రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, ఏదీ పూయకు అన్న ఒక్క మాట చెప్పలేదు. తోచలేదు. వాదంలో గెలవాలనే కోరిక మనిషి తెలివిని ఎంత మింగేస్తుందో చెప్పడానికి నాకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెల్లవారి వాళ్ళమ్మ ఎప్పటిలాగే బొగ్గును ఆముదంతో నూరి, తన చేత్తోనే కొడుకు ముఖానికి గట్టిగా రుద్దింది. సాయంత్రం నలుగు పెట్టి పోసుకున్నాడు. చేతులు తెల్లబడ్డాయి, ఛాతీ తెల్లబడింది. ముఖం తెల్లబడలేదు.

మూడో రోజు పొద్దున మా తలుపు తట్టాడు. తీసిన నేను ఒకడుగు వెనక్కి వేశాను. నిజం చెప్పడానికి సిగ్గుపడను, భయపడ్డాను. పత్రికలో అచ్చయిన ఫోటోను భూతద్దంలో చూస్తే మనిషి పోయి చుక్కలు మిగులుతాయే, అలా ఉంది. నల్లని సూదిమొనలంత చుక్కలు, బుగ్గల మీద, నుదుటి మీద, గడ్డం మీద, కనురెప్పల కింది అంచుదాకా. దగ్గరికి వస్తే ముఖం కనబడదు, చుక్కలే. దూరం పోతే చుక్కలు కలిసి ముఖమవుతాయి. కాని ఆ ముఖం అతనిది కాదు. అతను మాట్లాడుతుంటే పెదవులు ఒకరివి, చుక్కలు ఇంకొకరివి అనిపించింది.

"సబ్బు వద్దన్నారు, పౌడరు వద్దన్నారు, క్రీము వద్దన్నారు. ఏదీ పూయలేద్సార్," అన్నాడు.

"మరి బొగ్గో?"

"బొగ్గు సంగతి ఎవురూ సెప్పలేదు గదా. అది పూసుకునేది కాదు సార్, ఏసం."

క్లినిక్కులో ఇచ్చిన కాగితంలో బొగ్గు లేదు. ఎందుకుంటుంది? ఏ దేశపు డాక్టరు ఊహిస్తాడు? ఎర్రదనం బయటపడకుండా బొగ్గు కప్పేస్తుందని కూడా అనుకున్నాడట. డాక్టరు చూసి తల పట్టుకున్నాడు. సూది రంధ్రాల్లోకి మసి దిగిందని, పచ్చబొట్టు పొడిచేది ఇలాగేనని చెప్పాడు. పుండు పూర్తిగా మానాక లేజరుతో చాలా విడతల్లో తగ్గించవచ్చు, కొన్ని నెలలు ఆగాలి అన్నాడు.

ఆ కొన్ని నెలల్లో ఊరు తన పని చేసింది.

మొదట సందులో ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని దారివ్వడం. తర్వాత పూలమ్మే ఆమె అరుగు మీద ఒక మూర పెట్టి వెళ్ళడం. ఎవరూ అతని పేరు పిలవడం లేదు. పిల్లలు అతను వస్తుంటే ఆట ఆపి వరసగా నిలబడేవాళ్ళు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు అలా నిలబడమని. శ్రావణం రాకముందే యజమాని అతన్ని పైనుంచి కిందికి దించి, వాకిలికి ఎదురుగా దిండు వేసి కూర్చోబెట్టాడు.

నేను చూడటానికి వెళ్ళాను. కౌంటర్లో కూర్చుని ఉన్నాడు, తెల్లచొక్కాలో. పెళ్ళివాళ్ళు వచ్చి, మొదటి చీర అతని చేతిలో పెట్టి, తిరిగి తీసుకుని కళ్ళకద్దుకుంటున్నారు. అతని వేళ్ళు అలవాటుగా అంచు వైపు జరిగాయి. యజమాని వినయంగా వంగి, "నువ్వేమీ సూపించొద్దు సామీ. ఊరికే కూసోండి, సాలు," అన్నాడు. అబ్బా అని పిలిచినవాడు సామీ అన్నాడు. నువ్వు అని మొదలెట్టి కూసోండి అని ముగించాడు. ఇతను వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. నన్ను చూశాడు. ఆ చుక్కల వెనక ఎక్కడో దూరాన ఒక మనిషి కిటికీ తలుపు కొడుతున్నట్టుంది ఆ చూపు.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. ఆ వారంలోనే వాళ్ళ సందు చివర సభ పెట్టాను. అతన్ని బతిమాలి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక తెల్ల ముల్లంగి తెచ్చి, అందరి ముందూ సూదితో పొడిచి, ఆముదంలో కలిపిన బొగ్గు రుద్ది, నీళ్ళతో కడిగి చూపించాను. చుక్కలు మిగిలాయి. "ఇదే జరిగింది! అమ్మ లేదు, మహిమ లేదు! ముల్లంగికి జరిగిందే మనిషికీ జరిగింది!" అని అరిచాను. చప్పట్లు లేవు. దగ్గు కూడా లేదు. ముందు వరసలోంచి ఒక ముసలామె లేచి, వంగి వంగి వచ్చి, నా చేతిలోని ముల్లంగిని అడగకుండానే తీసుకుంది. రెండు కళ్ళకూ అద్దుకుని కొంగున ముడివేసుకుంది. తర్వాత అతని పాదాలకు మొక్కింది. ఆమె వెనక ఇంకొకరు లేచారు.

మరునాటికి కొత్త కథ పుట్టింది. "అమ్మ ఇచ్చిన గుర్తుల్ని సూదులతో పూడ్సబోయినాడంట. ఆయమ్మకు కోపమొచ్చి ఆ సూదుల్తోనే ఏసం కుట్టేసిందంట." సూదుల సంగతి అప్పటిదాకా ఊరికి తెలియదు. చెప్పింది నేను. కథలో కొరతపడిన ముక్కను నా చేత్తో తెచ్చి ఇచ్చాను.

చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీని ఎటూ తిప్పలేదు. ఎక్కడ ఉంటే అక్కడే కూర్చున్నాడు. ఆ ముఖానికి వెలుతురు ఎటునుంచి పడినా ఒకటే.

"లేజరు డాక్టరు వచ్చే నెల రమ్మన్నాడు సార్. సందులో పెద్దోళ్ళు మాయమ్మ దగ్గరికొచ్చినారు. తీపిస్తే ఆయమ్మ సందు మీద తిరగబడతాదంట."

"నువ్వేమన్నావు?"

"నన్నెవురు అడిగినారు? నేనీడ ఉండానని ఎవురికి గుర్తుండాది? రేతిరి మాయమ్మ కూడా నేను పండుకున్నాక వచ్చి నా కాళ్ళు తాకి పోతాది సార్. నేను నిద్ర నటిస్తా." బొటనవేలితో బుగ్గ తడుముకున్నాడు. "నా మొగం నాకు గావాల. గుంటల మొగమే గానీ. నాది."

తోడు వస్తానన్నాను. నీ చేయి పట్టుకుని తీసుకుపోతాను, ఎవడు అడ్డమొస్తాడో చూస్తానన్నాను. నవ్వాడో లేదో తెలియలేదు. అప్పటికి అతని నవ్వును కనిపెట్టడం ఎవరికీ చేతకావడం లేదు.

ఆ వచ్చే నెల రాలేదు. డెంగ్యూ జ్వరం వచ్చింది. అమ్మ ఒంట్లోకి దిగింది, సూది పొడిపించకూడదన్నారట సందులోవాళ్ళు. నాలుగు రోజులు అరుగు మీద దీపం పెట్టారు. ఐదో రోజు ఆస్పత్రికి చేర్చారు. ఆరో రోజు నాకు అందింది చావు కబురే.

నేను వెళ్ళేసరికి సందు నిండా జనం, ఏడుపు లేదు. వరస కట్టి ఉన్నారు. ఒక్కొక్కరే వంగి ఆ ముఖంలోకి తొంగిచూసి పక్కకు జరుగుతున్నారు. నేనూ వరసలో నిలబడవలసి వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు వంగి చూశాను. బతికున్న రంగు పోయి చర్మం పాలిపోవడంతో చుక్కలు ఇంకా నల్లగా లేచాయి. అవి మాత్రం చావలేదనిపించింది. ఇది రాయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అనిపించడం వేరు, ఉండటం వేరు. కాని అనిపించింది.

పెద్దకర్మ అయిన మర్నాడు వాళ్ళమ్మ నా దగ్గరకు వచ్చింది. గడప బయటే నిలబడింది.

"సామీ, నా కొడుకు ఫోటో ఒకటి గావాల. ఏసంది గాదు. వాడిది."

"మీ ఇంట్లో లేదా తల్లీ?"

"యాడుంది సామీ? పదో తరగతి కాన్నించి ఫోటోకంటే ముందే లేసి పోతాండె. రేషను కార్డులో గూడా చిన్నప్పటిదే. ఫోన్లల్లో ఉండేటివన్నీ ఆ మొగానివే. వాడెట్లుండేటోడో మర్సిపోతా ఉండా."

నాకు క్లినిక్కు గుర్తొచ్చింది. వైద్యం మొదలుపెట్టే ముందు అక్కడ ఫోటోలు తీస్తారు, తర్వాత తేడా చూసుకోవడానికి. డాక్టరు తల్లి సంతకం తీసుకుని ఒకటి అచ్చు వేయించి ఇచ్చాడు. అందులో అతను కెమెరాను తప్పించుకోలేక చిరాగ్గా, కొంచెం భయంగా చూస్తున్నాడు. ప్రతి గుంటా లోతుగా, స్పష్టంగా ఉంది. ఆమె ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో తడిమింది. "ఇది గిల్లుకున్నాడు. వద్దురా అంటే ఇన్లేదు. ఇది పరీక్షలప్పుడు లేసింది. ఇది..." చాలాసేపు ఆగలేదు.

అద్దం కట్టించి ముందుగదిలో తగిలించింది. ఆ సందువాళ్ళు వచ్చి చూసి, "ఎవురక్కా ఈ పిల్లోడు?" అని అడుగుతున్నారట.

నెల తర్వాత వెళ్ళాను. ఫోటో అద్దం మీద బుగ్గల నిండా చిన్న చిన్న నల్లచుక్కలు. వరసగా, ఓపికగా, ఒక్కొక్కటీ పెట్టినవి. నుదుటి మీద కూడా సగం దాకా వచ్చాయి.

"పొద్దన్నే తుడస్తా సామీ. సందేళకి మల్లా ఉంటాయి," అంది ఆమె. "ఈ సందోళ్ళు నా బిడ్డను వదిలేట్టు లేరు. ఎవురు ఎప్పుడొచ్చి పెడతారో తెలీదు. నేను ఇల్లిడిసి యాడికీ పోను. తలుపు గడేసే ఉంటా."

నాకు రక్తం ఉడికింది. ఇవాళ ఇక్కడే కూర్చుంటాను, దొంగను పట్టుకుని ఈ సందులోనే నిలబెడతాను అన్నాను. ఆమె ఎడమచేత్తో కొంగు తడిపి అద్దాన్ని తుడిచింది. ఒక్కో గుంటా మళ్ళీ బయటపడింది. పని అయ్యాక వచ్చి నా ఎదురుగా కింద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

కుడిచేతి చూపుడువేలి గోటి కింద నల్లగా ఉంది. కొన నుంచి మొదటి కణుపు దాకా మసి. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి. బొగ్గుతో పని లేదు. ఆమె దగ్గరగా జరిగినప్పుడు ఆముదం వాసన వచ్చింది. ఆమె తలుపు వైపే చూస్తోంది, ఎవరో వస్తారని. ఆ కళ్ళలో దాపరికం ఏమీ లేదు. తన చేయి ఏం చేస్తోందో ఆమెకు నిజంగా తెలియదు.

చెప్పడానికి నోరు తెరిచాను. నా జీవితమంతా ఇలాంటివి చెప్పడమే నా పని.

"చేతులు కడుక్కుని రా తల్లీ," అన్నాను. "కాస్త కాఫీ తాగుదాం."